సముద్రం అడుగున బోర్లించిన చట్టి

"ఏమే ఎనుమా, ఈపొద్దు ఇల్లు దాటినోడు మాపటికి తిరిగొస్తాడని నాకెవురు చెప్పేది? రైలు పట్టా తప్పితే? ఎవుడన్నా కత్తి తీస్తే? ఎండకు కండ్లు తిరిగి యాడన్నా పడిపోతే? నువ్వైనా అడగవే. నాకు నోరు లేదు."

అంగమ్మాళ్ ఈ మాటలన్నీ గేదెతోనే అన్నది. కానీ కొట్టం గుమ్మంలో నిలబడి పంచె కట్టుకుంటున్న కొడుకు గోపాలకృష్ణన్ ఒక్క ముక్క వదలకుండా విన్నాడు. వినాలనే ఆమె అన్నది.

కోవిల్‌పట్టి చుట్టుపక్కల నల్లరేగడి ఊళ్లలో తెలుగు ఇళ్ల తీరే అంత. మనసు విరిగితే అరుచుకోరు. మాట మానేస్తారు. మానేసి, చెప్పవలసింది మాత్రం పిల్లకో, కోడికో, వాకిట్లో స్తంభానికో చెప్తారు. వినవలసిన వాడు వింటాడు. జాడమాట అంటారు దాన్ని. జాడమాటతోనే కాపురాలు గడిపేసిన మొగుడూ పెళ్ళాలున్నారు ఆ వైపు.

గోపాలకృష్ణన్ కూడా గేదె వైపే తిరిగాడు.

"ఎనుమా, అమ్మకు చెప్పు. విరుదునగర్ దాకానే. పత్తి కంపెనీ కబురు ఒకటి మోసుకుపోవాల. మాపటికి ఇంటికొచ్చి కూడు తింటానని చెప్పు."

"తమ్ముడు కూడా మాపటికి వస్తాననే పోయినాడు." ఆమె గడ్డి విదిలించింది. "నీకు గుర్తుండాదా ఎనుమా? నాకుండాది."

అంతే. 

తమ్ముడు మునియసామి పోయినప్పటి నుంచీ ఇంతే. సముద్రం సర్వే పడవలో పేలుడు మందుపెట్టెలు మోసే పని వాడికి ఇప్పించింది గోపాలకృష్ణనే. తూత్తుక్కుడి దగ్గర పడవ పేలిపోయింది. ఆరుగురు మనుషులు, ఆ సర్వే నడిపిన జియాలజిస్టుతో సహా, నీళ్లలో కలిసిపోయారు. మునియసామి బీడీ కాల్చాడనీ, నిప్పురవ్వ మందు మీద పడిందనీ సర్కారు రాసేసింది. మునియసామి బీడీ ముట్టడు. ఆ సంగతి ఊరంతటికీ తెలుసు. తెలిసి ఏం లాభం? రాసినవాళ్లకు తెలియదు.

అప్పటి నుంచి అంగమ్మాళ్ పెద్దకొడుకు మొహం చూసి ఒక్క మాట అనలేదు. అన్నం పెడుతుంది. తలకు నూనె గిన్నె దగ్గర పెడుతుంది. జ్వరం వస్తే రాత్రంతా తడిగుడ్డ వేస్తుంది. మాట మాత్రం లేదు. అతనికి ఈ లోకంలో కావలసింది ఆ ఒక్క మాటే.

పత్తి కంపెనీ అన్నది పైకి. లోపల అతను మద్రాసు సీక్రెట్ బ్యూరో ఏజెంట్. కోడ్ నేమ్ 'కరిసల్'. నల్లరేగడి అని అర్థం.

*

కోవిల్‌పట్టి రైలుగేటు పక్కన ఒక జిన్నింగ్ మిల్లు. ఆ మిల్లు వెనక గదిలో, పత్తి బేళ్ల మధ్య, బ్యూరో చీఫ్ రామచంద్రన్ కూర్చుని ఉన్నాడు. మద్రాసు మనిషి. తెలుగు కొంచెం, తమిళం ఎక్కువ, ఇంగ్లీషు ఇంకా ఎక్కువ.

"కూర్చో కరిసల్. నీ తమ్ముడి పడవ ప్రమాదం కాదు. హత్య."

గోపాలకృష్ణన్ కూర్చోలేదు. 

"ఎవరు సార్?"

"చెప్తాను. ముందు ఎందుకో విను."

రామచంద్రన్ బల్ల మీద మట్టి చట్టి ఒకటి బోర్లించాడు.

"సముద్రం కింద రాళ్ల పొరలున్నాయి. ఒకదాని మీద ఒకటి, దోసెలు పేర్చినట్టు. ఒక పొర ఇసుకరాయి. దాని సందుల్లో నీళ్లుంటాయి, నూనె ఉంటుంది. చెరువులా కాదు, తడిబట్టలో తడిలా. నూనె తేలిక. పైకి పాకుతుంది. పైన బంకరాయి పొర మూతలా ఉంటే అక్కడ ఆగుతుంది. మూత ఏటవాలుగా ఉంటే దాని కిందే పక్కకు జారుకుంటూ ఎటో పోతుంది. అదే మూత ఒక చోట ఇలా ఉబ్బిందనుకో..." చట్టిని తట్టాడు. "ఎటూ పోలేదు. చిక్కుతుంది. దాన్ని స్ట్రక్చరల్ ట్రాప్ అంటారు. భూమి పన్నిన ఉచ్చు. ప్రపంచంలో నూనె వెతికేవాడెవడూ నూనెను వెతకడు. ఈ ఉచ్చును వెతుకుతాడు."

"నీళ్ల అడుగున ఉంటే ఎట్లా కనబడుతుంది సార్?"

"కనబడదు. వినబడుతుంది. డైనమైట్ పేల్చి, అడుగున వినే యంత్రాలు పెడతారు. గట్టిరాయి పైకి ఉబ్బిన చోట చప్పుడు ముందే తిరిగొస్తుంది. అలా అంగుళం అంగుళం విని, మన జియాలజిస్టు ఆ పొరల్ని ప్లాస్టర్‌తో పోత పోశాడు. ఒకే ఒక మోడల్. పడవ పేలిన రోజే విరుదునగర్ క్యాంపులోంచి అది మాయమైంది. తెలిసినవాళ్లు చచ్చారు. మిగిలింది మోడల్ ఒక్కటే."

"ఇప్పుడు ఎక్కడుంది?"

"విరుదునగర్‌లోనే. డాక్టర్ హెల్మర్ అనే దొర. పైకి గ్రామఫోన్ రికార్డుల వ్యాపారం. లోపల ఒక విదేశీ సిండికేట్. ఇక్కడ వాడి కుడిచెయ్యి శంకరలింగం, పత్తి బ్రోకర్. హెల్మర్ ఇవాళ మోడల్‌ను పరీక్షిస్తాడు. బాగుంటే మధ్యాహ్నం బండిలో తూత్తుక్కుడి, అక్కణ్ణించి ఓడ. పరీక్షకు నువ్వులనూనె కావాలట. నూనె అమ్మే చెట్టియార్‌గా నువ్వు పోతున్నావు. లోపల మన మనిషి ఉంది. మిస్ పుష్పం."

"నాటకాల పుష్పమా?"

"ఆవిడే. హెల్మర్ దగ్గరా జీతం, మన దగ్గరా జీతం. నాకైతే నమ్మకం లేదు. కాంటాక్ట్ ఎలా? కోడ్ వర్డ్స్ ఏమైనా..."

"కోడ్ అక్కర్లేదు సార్. ఆమె వత్రాప్ ఊరి పిల్ల. వాళ్లదీ మాలాగే తెలుగు ఇల్లే. ఆమె దగ్గర రాజపాళయం కుక్క ఉంది. కుక్కను తిట్టమంటాను. నేను వింటాను."

"శంకరలింగం వింటే?"

"తమిళుడు సార్. మా ఇంటి మాట గడప దాటదు. బయటివాడికి అది గాలి చప్పుడే."

ఎంత ధైర్యంగా అన్నాడో. ఆ మాటను తర్వాత ఎన్నిసార్లు వెనక్కి తీసుకోవాలనుకున్నాడో.

*

విరుదునగర్ బంగళా పెరటి అరుగు మీద నూనె డబ్బా దించాడు. నుదుట విభూతి, చెవిలో పువ్వు, పొట్ట మీద పంచె కింద చుట్టిన దూది. అద్దంలో చూసుకున్నప్పుడు అతనికే నమస్కారం పెట్టబుద్ధయింది.

పుష్పం బయటికొచ్చింది. పాదరసం రంగు పట్టుచీర, చేతికి బంగారు గడియారం, గొలుసుకు తెల్లటి వేటకుక్క. నాటకం పోస్టర్ల మీద చూసిన మొహమే, దగ్గరగా చూస్తే కళ్ల కింద నలుపు.

"నూనె మంచిదేనా చెట్టియారే?" అంది తమిళంలో, గట్టిగా. తర్వాత గొంతు తగ్గించి, ఇంటి మాటలో, "పొట్ట జారిపోతా ఉండాది అన్నా. పైకి లాక్కో" అంది.

అతను దూది సర్దుకున్నాడు. చాలాకాలం తర్వాత నవ్వొచ్చింది.

"మోడల్ నీ చేతికి ఎప్పుడు అందిస్తానో నా కుక్క తెల్లోడికి చెప్తా. నువ్వు విను."

"నీకు బయం లేదా పుష్పం?"

"ఏంటికి? నేను చచ్చి చానా దినాలాయె. నాటకం ఎక్కినానని తెలిసిన పొద్దే మా అమ్మ నా పేర తలకు పోసుకొనింది. మా అమ్మ అళగమ్మాళ్‌ను వత్రాప్‌లో అడుగు, నాకు కూతురే లేదంటుంది." కుక్క చెవులు నిమిరింది. "ఆ పడవ సంగతి నాకు ముందు తెలీదన్నా. తెలిసినాక ఈళ్ల కూడు నోట్లోకి పోలేదు. నీ తమ్ముడంట కదా అందులో."

అతను తలూపాడు. ఇంకేమన్నా అనేలోపే లోపలి నుంచి పిలుపు వచ్చింది.

హాల్లో పెద్ద గాజుతొట్టి. నిండా నీళ్లు. హెల్మర్ చొక్కా చేతులు మడిచి, ప్లాస్టర్ మోడల్ పైపొరను తీసి నీళ్లలో అమర్చుతున్నాడు. సన్నగా, ఎర్రటి మెడతో, పూజారిలా శ్రద్ధగా. పక్కన పేముకుర్చీలో శంకరలింగం విసనకర్ర ఊపుకుంటూ, సగం మూసిన కళ్లతో. లావుపాటి మనిషి. ప్రపంచంలో దేని మీదా ఆసక్తి లేనట్టు కూర్చోవడం అతని విద్య.

హెల్మర్ రబ్బరు గొట్టంతో మూత కిందికి నూనె వదిలాడు. చుక్కలు చుక్కలుగా పైకి తేలాయి. మూత అడుగు తగిలాక, ఏటవాలు వెంట చీమల్లా పాకడం మొదలుపెట్టాయి. మోడల్‌లో రెండు ఉబ్బులున్నాయి. ఒకటి పెద్దది, ఒకటి చిన్నది. పెద్దదాని కిందికి పాకిన నూనె కాసేపు నిలిచి, రెండో పక్క సందులోంచి జారి, పైకి తేలిపోయింది.

"చూశారా," అన్నాడు హెల్మర్ ఇంగ్లీషులో, కళ్లు మెరుస్తుండగా. "పెద్దది మోసం. ఒక పక్క తెరిచి ఉంది. తొందరపడినవాడు అక్కడ తవ్వి దివాలా తీస్తాడు. నాలుగు పక్కలా మూసుకున్నదే ఉచ్చు."

చిన్న ఉబ్బు కింద నూనె చేరుతోంది. ఒక్క చుక్క బయటికి రాలేదు. గాజులోంచి చూస్తే బంగారు గుండీలా మెరిసింది.

గోపాలకృష్ణన్ దాన్నే చూస్తూ నిలబడ్డాడు. దీనికా? తమ్ముడు పొద్దున్నే చద్దిమూట కట్టుకుని పోయింది, తిరిగిరానిది, ఈ పిడికెడు గుంటకా? వాడు భుజాన మోసిన మందు పేల్చి, ఆ చప్పుడు విని కనిపెట్టిన రాయి ఇదేనా?

"పర్‌ఫెక్ట్ ట్రాప్," అన్నాడు హెల్మర్. మోడల్‌ను తుడిచి చెక్కపెట్టెలో పెట్టాడు.

అప్పుడే పుష్పం కుక్క గొలుసు లాగి తిట్టు అందుకుంది. ఇంటి మాటలో.

"ఒరే తెల్లోడా, తిన్నగా ఉండు! మద్యాన్నం బండికి మనమూ పోతా ఉండాం, ఫస్టు క్లాసులో. సాత్తూర్‌లో దొర దోసకాయలు కొనను దిగుతాడు. అప్పుడు కిటికీ కాడికి వస్తే నీకు కావాల్సింది నీ నోటికే ఇస్తా. ముందే తోక ఊపితే చంపుతా!"

శంకరలింగం విసనకర్ర ఆగలేదు. తమిళంలో నెమ్మదిగా అన్నాడు: "పాపం, నోరు లేని జంతువు. దానికేం అర్థమవుతుందమ్మా?"

పుష్పం నవ్వింది. గోపాలకృష్ణన్ ఖాళీ డబ్బా ఎత్తుకుంటూ లోలోపల నవ్వుకున్నాడు. ఎంత సులువుగా పని జరిగిపోతున్నదో అనుకున్నాడు. మనిషి అలా అనుకున్నప్పుడే కదా గుండె దడదడలాడాలి. ఆడలేదు అతనికి.

*

బండి సాత్తూర్‌లో ఆగింది. హెల్మర్ టోపీ పెట్టుకుని దోసకాయల బుట్టల వైపు నడిచాడు. గోపాలకృష్ణన్ ఇంకో నూనె డబ్బా భుజాన పెట్టుకుని ఫస్టు క్లాసు కిటికీ పక్కగా పోయాడు. లోపల శంకరలింగం గుర్రు పెడుతున్నాడు. పుష్పం చేతులు బయటికి చాచింది. చెక్కపెట్టె చేతులు మారింది. ఆమె కళ్లు ఒక్క క్షణం అతని కళ్లలో ఆగాయి. బండి కదిలింది.

థర్డ్ క్లాసులో కిక్కిరిసిన జనం. సంతకు పోయేవాళ్లు, చంటిబిడ్డల తల్లులు, కోళ్ల గంపలు. పెట్టెను ఒళ్లో పెట్టుకున్నాడు. కోవిల్‌పట్టిలో చీఫ్ మనుషులు కాచుకుని ఉంటారు. మిషన్ అయిపోయినట్టే. అమ్మకు ఏం చెప్పవచ్చు? ఏమీ చెప్పకూడదు. బ్యూరోలో చేరిన రోజు ప్రమాణం చేశాడు. అయినా గేదెకు చెప్తే తప్పేముంది? "ఎనుమా, తమ్ముడిది తప్పు కాదంట" అంటే?

నల్లి స్టేషన్‌లో ఎదురుబండి కోసం ఆపారు. చిన్న స్టేషన్, చుట్టూ పత్తిచేలు, దూరంగా సున్నపురాయి తీసి వదిలేసిన గుంట.

అప్పుడు వినబడింది పుష్పం గొంతు. నాటకంలో చివరి వరుసకు వినిపించే గొంతు.

"ఒరే తెల్లోడా! నోట్లో ఉండేది కక్కురా! అది ఎముక కాదు, నీ తమ్ముణ్ణి మింగిందే అది! పారెయ్! దూరంగా పారెయ్!"

కుక్క నోట్లో ఏమీ లేదు. అతను కిటికీలోంచి తల బయట పెట్టి చూశాడు. పక్క బోగీ కిటికీలో పుష్పం. కుక్కను చూడటం లేదు. మొదటిసారి, జాడ విడిచి, నేరుగా అతన్నే చూస్తోంది. ఆమె వెనక శంకరలింగం లేచి నిలబడ్డాడు. నిద్రమొహం లేదు.

గోపాలకృష్ణన్ పెట్టెకు చెవి ఆనించాడు. లోపల గడియారం నడుస్తోంది.

ఒక్క ఊపిరి పట్టేంత సేపు అతనికి రెండు దారులు కనిపించాయి. ఒకటి పక్క బోగీలోకి, ఆమె దగ్గరికి. రెండోది సున్నపుగుంట వైపు. పక్కన కూర్చున్న తల్లి ఒళ్లో పసిబిడ్డ అతని వేలు పట్టుకుని ఉంది. వేలు విడిపించుకుని దూకాడు. పెట్టె గుండెలకు అదుముకుని పత్తిచేల్లో పడి పరుగెత్తాడు. వెనక తుపాకి పేలింది. ఒక్కసారే. అతను వెనక్కి చూడలేదు. చూసి ఉంటే కాళ్లు ఆగిపోయేవి.

గుంట అంచున నిలబడి విసిరాడు. పెట్టె అడుగు తాకకముందే భూమి లేచింది.

కళ్లు తెరిచేసరికి వెల్లకిలా పడి ఉన్నాడు. ఆకాశం నిండా సున్నపు పొడి. జనం నోళ్లు తెరిచి అరుస్తున్నారు, ఒక్క చప్పుడూ లేదు. చెవులు పోయాయి. లేచాడు. బండి అక్కడే ఉంది, డ్రైవర్ భయపడి కదపలేదు. తూలుతూ వచ్చి థర్డ్ క్లాసులో వదిలిన నూనె డబ్బా అందుకుని ఫస్టు క్లాసు తలుపు తన్నాడు.

శంకరలింగం రివాల్వర్ ఎత్తాడు. గోపాలకృష్ణన్ డబ్బా నూనె నేల మీదికి కుమ్మరించాడు. లావుపాటి కాలు జారింది. గుండు కప్పులోకి పోయింది. మణికట్టు మీద ఒక్క దెబ్బ, రివాల్వర్ ఊడింది. దాన్ని అందుకుని తిరిగేసరికి, అవతలి తలుపు దగ్గర హెల్మర్, చేతుల్లో తువ్వాలు చుట్టిన అసలు మోడల్, తలకంటే పైకి ఎత్తి, కింద పట్టాకేసి కొట్టడానికి సిద్ధంగా. తనకు దక్కనిది ఎవరికీ దక్కకూడదు. చేతులు కిందికి దిగుతున్నాయి. తెల్లకుక్క గాలిలో లేచింది. మణికట్టు పట్టింది. మోడల్ జారింది. గోపాలకృష్ణన్ నూనెలో పడి జారుకుంటూ పోయి, నేలకు జానెడు పైన, ఒడిలో పట్టుకున్నాడు.

సముద్రం అడుగు ముక్కలు కాలేదు.

బెంచీ మీద పుష్పం. పాదరసం రంగు చీర ఎర్రబడుతోంది. అతను మోకాళ్ల మీద పాకి వెళ్లాడు. ఆమె పెదవులు కదిలాయి. ఏదో చెప్తోంది. ఒక మాట కాదు, చాలా మాటలు. అతను చెవి ఆమె నోటికి ఆనించాడు. వెచ్చటి ఊపిరి తగిలింది. మాట తగల్లేదు. మళ్లీ మొహం చూశాడు. "వినబడలా తల్లీ, వినబడలా" అన్నాడు. తన గొంతు కూడా తనకు వినబడలేదు. ఆమె ఒక్కసారి నవ్వినట్టే ఉంది. పెదవులు ఆగిపోయాయి.

*

కోవిల్‌పట్టి స్టేషన్ వెయిటింగ్ రూములో బేడీలతో కూర్చున్న శంకరలింగం, గోపాలకృష్ణన్ దగ్గరికి రాగానే, మంచి పల్లెటూరి తెలుగులో మాట్లాడాడు. అప్పటికి గోపాలకృష్ణన్ కుడిచెవికి కొంచెం వినబడుతోంది.

"కోపం వద్దు నాయుడూ. ఇరవై ఏండ్లుగా మీ ఊళ్లలో పత్తి కొంటా ఉండాను. మీరు నా ఎదురుగానే మీ మాటలో ధర అనుకుంటారు, ఇంత కంటే తక్కువకు ఇవ్వొద్దని. నేను గోడను చూస్తా కూర్చుంటా. మీ అయ్య బతికి ఉన్నప్పుడు మీ అమ్మతో అనేది నేను వినలేదా? బ్రోకరు తెలుగు రాదని చెప్పుకుంటేనే బ్రోకరు. మోడల్ తీసి ఆ పెట్టెలో ఏం పెట్టినానో సాత్తూర్ దాటినాక ఆ పిల్లకు తెలుగులోనే చెప్పినా. తను అరిచేది నాకు అర్థమవుతుందని తెలిసి కూడా అరిచింది. తెలిసే అరిచింది."

గోపాలకృష్ణన్‌కు నాన్న గుర్తొచ్చాడు. ప్రతి ఏడూ పత్తి అమ్మి వచ్చి, "వాడికి మన మనసులో ధర ఎట్లా తెలుస్తుందో" అని ఆశ్చర్యపడేవాడు. ఆ ఇంట్లో పెరిగిన కొడుకు తను. తెలియవలసిన వాడు తనే.

రామచంద్రన్ భుజం తట్టాడు. "ఎక్సలెంట్ వర్క్, కరిసల్. మోడల్ రేపు ఓడ మీద దొరల సీమకు పోతుంది."

"అక్కడ తవ్వుతారా సార్?"

"సముద్రంలోనా? అంత లోతున తవ్వే యంత్రం ఇంకా పుట్టలేదు. భద్రంగా అల్మారాలో పెడతారు."

"పుష్పం?"

"రెండు చోట్ల జీతం తీసుకున్న మనిషి. పేరు ఎక్కడా రాయం. రైల్లో ప్రమాదం."

"మా తమ్ముడు? వాడి పేరు మీద పెట్టిన తప్పు తీసేస్తారా సార్?"

"అదీ సీక్రెటే. ఫైల్ మూసేశాం." చీఫ్ చూపు తిప్పుకున్నాడు. "ఇంటికి పోయి రెస్ట్ తీసుకో."

*

పొద్దు వాలే వేళకు ఇంటికి చేరాడు. వెంట తెల్లకుక్క. చొక్కా నిండా సున్నం, నూనె, రక్తం. అంగమ్మాళ్ కొట్టంలో పాలు పిండుతోంది. చూసింది. చెంబు కింద పెట్టింది. లేచి వచ్చి అతని తల, మెడ, చేతులు, వీపు తడిమి చూసింది, ఆ రక్తం ఎవరిదో వెతుకుతూ. అతనిది కాదని తేలాక వెళ్లి గేదె పక్కన కూర్చుండిపోయింది. గేదెతో కూడా ఏమీ అనలేదు.

అతను ఆమె ఎదురుగా పేడనేల మీదే కూర్చున్నాడు. గేదె వైపు తిరగలేదు.

"అమ్మా. నేను చేసేది పత్తి కంపెనీ పని కాదు. చెప్పకూడదని నా మీద ఒట్టుంది, అయినా చెప్తా ఉండా. తమ్ముడు బీడీ తాగలా. వాడి తప్పు గింజంత లేదు. పడవలో గడియారం బాంబు పెట్టి చంపినారు. చంపినోళ్లు ఈపొద్దు దొరికినారు."

అంగమ్మాళ్ గేదె మెడ మీద చెయ్యి వేసింది.

"సర్కారు ఈ మాట ఎవురికీ చెప్పదు. నీకు నేను చెప్పాల కాబట్టి చెప్పినా. వాడికి ఆ పని ఇప్పించింది నేనే. దానికి నువ్వు నాతో మాట్లాడొద్దు, చచ్చేదాకా మాట్లాడొద్దు. కానీ ఇది ఒకటి విను. ఈపొద్దు నా కోసరం ఒక ఆడపిల్ల చచ్చిపోయింది. మన ఇండ్ల పిల్లే. మన మాట ఎవురికీ తెలీదని నేనే చెప్పినా, నన్ను నమ్మింది. వత్రాప్‌లో వాళ్లమ్మ ఉంది. కూతురు లేదని ఎప్పుడో తలకు పోసుకొనిన తల్లి. ఇప్పుడు నిజంగా లేదని ఎవురు చెప్పేది? సర్కారు చెప్పదు. నేను పోవాల. కడపటి మాట ఏమన్నది నా బిడ్డ అని ఆ తల్లి అడిగితే, నాకు చెవులు వినబడలేదని చెప్పేదా? ఎట్లా చెప్పేదమ్మా?"

సగమే పాలు పిండిన గేదె కాలు మార్చింది. కుక్క అతని మోకాలికి ఆనుకుని పడుకుంది. వీధిలో పొయ్యిల పొగ లేచింది. పక్కింటావిడ ఎవరినో అన్నానికి పిలిచింది, ఎవరో పలికారు. కొట్టంలో వెలుతురు పలచబడి, ఆమె మొహం సరిగా కనిపించకుండా పోయింది. అతను కుడిచెవి ఆమె వైపు తిప్పి, ఇక ఏ మాటా రాదని తెలిసి కూడా, అలాగే కూర్చున్నాడు.

"గోపాలా."

అతని పేరు. గేదెది కాదు.

"పని ఇప్పించినందుకా నేను మాట్లాడంది? వాడు పోయిన పొద్దు నువ్వొచ్చి, దెబ్బ తగిలింది, ఆస్పత్రిలో ఉండాడు అంటివి. నేను కూడొండి, వాడికి గుడ్డు పులుసు పెట్టి, ఉప్పు సరిపోయిందా అని నోట్లో వేసుకుని చూస్తిని. రైలు కాడికి పోయినాక అప్పుడు చెప్తివి. కబుర్లు మోసేదే నా ఉద్యోగమంటావే, సావు కబురు ఒకటి తిన్నగా మోయను నీకు చేతగాలేదు." ఆమె లేచి చీరకు అంటిన గడ్డి దులుపుకుంది. "మొగం కడుక్కో. ఆ తల్లికి నువ్వు చెప్పొద్దు. నేనొస్తా."